ఆడిట్ దాటితే కోర్సు దాటినట్టే: నా అనుభవం

సర్టిఫికెట్ ఇప్పుడే చేతికొచ్చింది. ప్రాథమిక వైద్యంలో ఉన్న డాక్టర్ల కోసం పెట్టిన దీర్ఘకాలిక వ్యాధుల కోర్సు అది. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), గుండె వైఫల్యం అన్నీ అందులోనే. ఆన్‌లైన్ పాఠాలు, ప్రాక్టికల్ పరీక్ష, కేసు చర్చ, ఆఖర్న సొంత క్లినిక్ రికార్డుల మీద ఆడిట్, అంటే రోగులకి చేయాల్సినవి చేశామో లేదో ఫైళ్ళు తీసి లెక్కకట్టడం. చేరబోయేవాళ్ళు ముందుగా అడిగేది "ఎక్కడ ఆగిపోతాం?" అని. ఆగిపోయేది ఆడిట్ దగ్గరే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాయాలి, చల్లారాక ఈ వివరాలన్నీ గుర్తుకురావు.

పాఠాలు, వాటి వెనక క్విజ్‌లు రోజూ రోగుల్ని చూసే డాక్టరుకి ఇబ్బందేమీ కాదు. అంకెలు మాత్రం ఒకసారి తిరగేసుకుని కూర్చోండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌ని ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 కన్నా కిందికి పోతే ఆపాలి. 30 నుంచి 45 మధ్య కొత్తగా మొదలుపెట్టకూడదు, అప్పటికే వాడుతుంటే డోసు సగానికి తగ్గించాలి. బేసల్ ఇన్సులిన్ (రోజంతా నిదానంగా పనిచేసేది) 10 యూనిట్లతో గానీ, కిలో బరువుకి 0.1–0.2 యూనిట్ల లెక్కన గానీ మొదలు. క్లినిక్‌లో బీపీ 140/90 ఎంతో ఇంట్లో చూసుకున్న 135/85 అంత. ఊపిరి గొట్టాల్ని వెడల్పు చేసే మందు (బ్రాంకోడైలేటర్) ఇచ్చిన తర్వాత కూడా ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీల (మొత్తం ఊదిన గాలి) నిష్పత్తి 0.70 కన్నా తక్కువ ఉంటేనే సీఓపీడీ. పెద్దవాళ్ళ ఆస్తమాకి అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఒక్కటే రాసి పంపొద్దని గినా (ఆస్తమా మీద అంతర్జాతీయ నిపుణుల బృందం) మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. క్విజ్ ప్రశ్నలు ఇలాంటి హద్దుల చుట్టూనే తిరుగుతాయి.

ప్రాక్టికల్‌లో బీపీ చూడటం ఒక స్టేషన్. అక్కడ మీరు చెప్పే రీడింగుకి మార్కులు తక్కువ, రీడింగుకి ముందు మీరు చేసేదానికి ఎక్కువ. రోగిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారా, వీపు కుర్చీకి ఆనిందా, పాదాలు నేలమీద ఉన్నాయా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉందా, అరగంట లోపల కాఫీగానీ సిగరెట్టుగానీ తాగారేమో అడిగారా, కొలుస్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకుండా ఉన్నారా అని వరసగా టిక్కులు పెడతారు. కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఆ తేడాతోనే ఒక మాత్ర అనవసరంగా పడుతుంది. స్టేషన్‌లో రెండు సైజుల కఫ్‌లు పెడతారు. టేపుతో చెయ్యి కొలిచి, ఏది ఎందుకు తీసుకున్నారో పైకి చెప్పండి.

పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసే పరీక్షలో 10 గ్రాముల మోనోఫిలమెంట్ (10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగ) వాడతారు. చాలామంది దాంతో చర్మాన్ని గీస్తారు, అది తప్పు. ముందు రోగి చేతిమీదో నుదుటిమీదో ఒకసారి తాకించి ఎలా ఉంటుందో తెలియనివ్వాలి. తర్వాత కళ్ళు మూసుకోమని, బొటనవేలి అడుగున, ఒకటి, మూడు, అయిదో వేళ్ళ మొదట్లో ఉబ్బుగా ఉండే చోట, తీగని చర్మానికి నిటారుగా ఆనించి విల్లులా వంగేదాకా నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఉంచి తీసేయాలి. ఆనెకాయ మీద పెట్టకూడదు, అక్కడ స్పర్శ లేకపోవడానికి నరమే కారణం కానక్కర్లేదు. "తెలుస్తోందా?" అని తాకినప్పుడల్లా అడిగితే రోగి ఊహించి అవునంటాడు. తాకినప్పుడు చెప్పమని ముందే చెప్పి మీరు మౌనంగా ఉండాలి, మధ్యమధ్య తాకకుండా ఆగి ఏమంటాడో చూడాలి. ఒకే తీగని వరసగా పదిమందికి వాడితే దాని బిగువు తగ్గుతుంది, ఒకరోజు వదిలేస్తే మళ్ళీ కోలుకుంటుంది. ఈ చివరి విషయం పరిశీలకులు ఇష్టంగా అడుగుతారు. ఇన్‌హేలర్ల దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకుంటే గట్టెక్కుతారు: స్ప్రే వచ్చేదాన్ని నెమ్మదిగా, లోతుగా పీల్చాలి, పొడి ఉండేదాన్ని వేగంగా, బలంగా పీల్చాలి.

కేసు చర్చ హాయిగా సాగింది. షుగరు, బీపీ, ఉబ్బిన కాళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్న మనిషిని ఇస్తారు. ఆ మనిషి మందుల చీటీలో ఏసీఈ ఇన్హిబిటర్ (బీపీ తగ్గించి కిడ్నీని కాపాడే మాత్ర), మూత్రం మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిసి ఉన్నాయో లేదో ముందు వెతకండి. ఆ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది, మనిషికి వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున మరీ. ఇంకో మాట. ఏసీఈ ఇన్హిబిటర్ మొదలుపెట్టిన నాలుగు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) 30 శాతం దాకా పెరిగితే కంగారుపడి మాత్ర ఆపేయకూడదు. అంతకు మించి పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలు మింగుతున్నారా, కిడ్నీ రక్తనాళం సన్నబడిందా అని వెతకాలి. పొటాషియం కూడా చూడాలి. భయంతో ఆపేసిన ఆ మాత్రని తర్వాత ఎవరూ మళ్ళీ మొదలుపెట్టరు, రోగికి దీర్ఘకాలంలో దక్కాల్సిన రక్షణ అక్కడితో పోతుంది.

ఇక ఆడిట్.

నిర్వాహకులు ఇచ్చే మార్గదర్శి రెండు పేజీలు. అందులో సగం అక్షరాల సైజు గురించి, మార్జిన్ల గురించి. ఫారంలో "మొత్తం రోగుల సంఖ్య", "ప్రమాణాన్ని చేరినవారి సంఖ్య", "శాతం" అని మూడు గళ్ళు. మొత్తం అంటే ఎవరు? ఈ నెల వచ్చినవాళ్ళా, ఏడాదిలో వచ్చినవాళ్ళా, రిజిస్టర్‌లో పేరుండి రావడం మానేసినవాళ్ళు కూడానా? ఎక్కడా రాయలేదు. నింపి పంపితే "హారం స్పష్టంగా లేదు" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. ఏం స్పష్టంగా లేదో చెప్పరు. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఆ ఫారంలో ఉన్న వాక్యాన్నే నాకు తిరిగి చదివి వినిపించారు. ఏళ్ళ తరబడి రోగుల్ని చూస్తున్న డాక్టర్లని గడి నింపడం రాని పిల్లల్లా నిలబెట్టే పద్ధతి ఇది. ఆ రెండు పేజీల్లో ఉండాల్సి ఉండి లేనిది కింద రాస్తున్నాను.

ముందు ప్రశ్న చిన్నదిగా పెట్టుకోండి. "మా క్లినిక్‌లో షుగరు వైద్యం ఎలా ఉంది" అన్నది ప్రశ్న కాదు. "టైప్ 2 షుగరు ఉన్న పెద్దవాళ్ళలో గత 12 నెలల్లో మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఒక్కసారైనా చూసినవాళ్ళు ఎంతమంది" అన్నది ప్రశ్న. (కిడ్నీ దెబ్బతింటోందా అని ముందే చెప్పే మూత్ర పరీక్ష అది.) వైద్య నాణ్యతని వ్యవస్థ, ప్రక్రియ, ఫలితం అని మూడుగా చూడాలని వైద్య నాణ్యత పరిశోధకుడు డొనబేడియన్ 1966లో రాశారు. ఆడిట్‌కి ప్రక్రియనే ఎంచుకోండి. పరీక్ష చేశామా లేదా, పాదం చూశామా లేదా అన్నది మన చేతిలో ఉంది, కొద్ది నెలల్లో మార్చగలం. రోగి హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష) ఎంత అన్నది ఫలితం, దాని మీద మన పట్టు సగమే.

ఇప్పుడు హారం. జబ్బు ఉన్నవాళ్ళ జాబితా ఒకచోట నుంచి తీస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. మూడు చోట్ల వెతకాలి: షుగరు రోగుల రిజిస్టర్, మందుల చీటీల్లో మెట్‌ఫార్మిన్ లేదా ఇన్సులిన్ ఉన్నవాళ్ళు, ల్యాబ్ పుస్తకంలో హెచ్‌బీఏ1సీ 6.5 గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్ళు. మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ల్యాబ్‌లో తేలినా రిజిస్టర్‌కి ఎక్కనివాళ్ళు బయటపడతారు. ఎవరి లెక్కలోనూ లేనివాళ్ళు వాళ్ళే. మెట్‌ఫార్మిన్ ఉన్న ప్రతివాళ్ళకీ షుగరు ఉండదు, పీసీఓఎస్‌కీ (ఆడవాళ్ళలో హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఇస్తారు, వాళ్ళని తీసేయాలి.

తర్వాత "మన రోగి" అంటే ఎవరో రాసుకోవాలి. గత 12 నెలల్లో కనీసం ఒక్కసారి వచ్చినవాళ్ళు అని పెట్టుకుంటే సులువు, శాతం కూడా అందంగా వస్తుంది. అక్కడే మోసం ఉంది. రావడం మానేసినవాళ్ళ షుగరు అదుపులో లేకపోయే అవకాశమే ఎక్కువ. వాళ్ళని హారంలోంచి తీసేస్తే మన పనితీరు కాగితం మీద బాగుపడుతుంది, వాళ్ళ కిడ్నీలు మాత్రం బాగుపడవు. 24 నెలల్లో ఒక్కసారి వచ్చినా లెక్కలోకి తీసుకోండి. వేరే చోటికి మారినవాళ్ళనీ చనిపోయినవాళ్ళనీ మాత్రం, రుజువుంటేనే తీసేయండి. నేను ఆ 24 నెలల నియమాన్ని మొదటి వాక్యంలోనే పెట్టి పంపాక హారం మీద మళ్ళీ ప్రశ్న రాలేదు.

మినహాయింపులు ఫైళ్ళు తెరవకముందే రాసి తేదీ వేయాలి: గర్భిణులు, టైప్ 1 ఉన్నవాళ్ళు, జబ్బు బయటపడి మూడు నెలలు కానివాళ్ళు, ఆఖరి దశలో ఉపశమన వైద్యంలో ఉన్నవాళ్ళు. ఫైలు చూశాక "ఈయన మాట వినడు, తీసేద్దాం" అనిపిస్తుంది. మాట వినకపోవడం మినహాయింపు కాదు.

జాబితా పెద్దదైతే నమూనా తీయాలి. ఇక్కడ చాలామంది ఓపీలో వరసగా వచ్చినవాళ్ళని రాసుకుంటారు. నెలనెలా వచ్చే రోగికి ఏడాదిలో పన్నెండుసార్లు మన కంటపడే అవకాశం ఉంటుంది, ఏడాదికొకసారి వచ్చేవాడికి ఒక్కసారే. అంటే క్రమం తప్పని రోగులే నమూనా నిండా చేరతారు. దానికి బదులు మొత్తం జాబితాని రిజిస్ట్రేషన్ నంబరు వరసలో పెట్టి, 300 మంది ఉండి 60 మంది కావాలంటే, ఒకటి నుంచి అయిదు లోపల ఒక అంకె చీటీ తీసి, అక్కణ్ణుంచి ప్రతి అయిదో మనిషినీ తీసుకోండి. ఫైలు దొరకకపోతే పక్క ఫైలు తీసుకోకూడదు. "ఫైలు దొరకలేదు" అనే రాయాలి. దొరకని ఫైలు కూడా ఒక సమాధానమే.

లవం దగ్గర ఇంకో చిక్కు. పరీక్ష చేయనివాళ్ళని ఏం చేయాలి? 60 మందిలో 40 మందికే హెచ్‌బీఏ1సీ చూశారనుకుందాం. వాళ్ళలో 28 మందికి లక్ష్యం లోపల వచ్చింది. 28ని 40తో భాగిస్తే 70 శాతం. 60తో భాగిస్తే 47 శాతం కూడా లేదు. రెండూ నిజమే, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. రెండూ రాయండి, మొదట 60 మీద లెక్క రాయండి. కొలత లేనివాళ్ళు లక్ష్యం చేరనట్టే లెక్క. అలాగే "చేశాను, రాయలేదు" అన్నది చెల్లదు. కేస్ షీట్‌లో లేని పాదాల పరీక్ష జరగనట్టే. నొప్పిగా ఉన్నా ఇది సరైన నియమం, ఎందుకంటే రేపు మీ బదులు కూర్చునే డాక్టరుకి ఆ షీట్ తప్ప వేరే ఆధారం ఉండదు.

బీపీ మీద ఆడిట్ పెట్టుకున్నవాళ్ళకి ఒక పరీక్ష చెబుతాను, ఇది ఏ మార్గదర్శిలోనూ కనపడలేదు నాకు. తీసిన ఫైళ్ళలో పై బీపీ ఆఖరి అంకెలు ఒక కాగితం మీద వరసగా రాయండి. డిజిటల్ మెషిన్ అయితే సున్నాతో ముగిసేవి పదోవంతు ఉండాలి. రెండేసి పాయింట్లకో గీత ఉన్న డయల్ అయితే అయిదోవంతు. సగానికి పైగా సున్నాలే కనిపిస్తే అవి కొలిచిన అంకెలు కావు, సర్దిన అంకెలు. అప్పుడు "140 లోపు" అని రాశారా "140 వరకు" అని రాశారా అన్న ఒక్క మాట మీదే శాతం తలకిందులవుతుంది, ఎందుకంటే ఆ గుట్టలో ఎక్కువమంది సరిగ్గా 140 దగ్గరే ఉంటారు. ఏ హద్దు వాడారో, సరిగ్గా హద్దు మీద ఉన్నవాళ్ళని ఎటు వేశారో ముందే రాయండి.

లక్ష్యం అందరికీ ఒకటే పెట్టకండి. 45 ఏళ్ళ మనిషికి హెచ్‌బీఏ1సీ 7 లోపల సబబు. పడిపోయే ప్రమాదం ఉన్న, మతిమరుపున్న పెద్దవయసు వాళ్ళకి 8 చాలు, అంతకన్నా దించితే లో-షుగర్‌తో పడి తుంటి విరుగుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళ ఫైలు పక్కన గుర్తు పెట్టండి: ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా, ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బుల్లోనూ ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్ళలోనూ తక్కువగా చూపించవచ్చు. వాళ్ళకి ఫాస్టింగ్, భోజనం తర్వాతి రీడింగులే ఆధారం.

హారం ఒప్పుకున్నాక, రోగుల గోప్యత అంటూ మళ్ళీ తిప్పి పంపారు. ఇది వాళ్ళు ముందే చెప్పాల్సిన విషయం. పేరు, ఫోను, చిరునామా, పుట్టిన తేదీ ఏవీ షీట్‌లో ఉండకూడదు. వరస నంబరు, ఏళ్ళలో వయసు, అంతే. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే కాగితం మీద, క్లినిక్ బీరువాలో తాళం వేసి ఉండాలి, పోర్టల్‌లోకి ఎక్కించకూడదు.

మార్పు ఏం చేశారన్న భాగంలో "రోగులకు అవగాహన కల్పించాం, సిబ్బందికి చెప్పాం" అని రాస్తే ఒప్పుకోరు. ఈ విషయంలో నేను పూర్తిగా వాళ్ళ పక్షం. మనకి తెలియక రోగులు నష్టపోవడం తక్కువ, తెలిసీ ఆ రోజు చేయకపోవడం వల్ల నష్టపోవడం ఎక్కువ. బీపీ 150 దాటి ఉన్నా "వచ్చేసారి చూద్దాం" అని పాత చీటీనే మళ్ళీ రాసివ్వడానికి క్లినికల్ ఇనర్షియా అన్న పేరు 2001 నుంచే వైద్య పత్రికల్లో ఉంది. దాన్ని ఉపన్యాసం కదిలించదు, క్లినిక్‌లో పని జరిగే వరస మారితే కదులుతుంది. మూత్రం పరీక్ష తక్కువగా ఉంటే, రోగి డాక్టరు గదిలోకి రాకముందే పేరు రాసే బల్ల దగ్గరే సీసా ఇచ్చేయాలి. ఎవరికి ఇవ్వాలో ముందురోజు సాయంత్రం ఫైళ్ళు తీసేటప్పుడే నర్సు ఎర్ర చుక్క పెట్టాలి. పాదాల పరీక్ష తక్కువగా ఉంటే, రోగి చెప్పులు, మేజోళ్ళు విప్పి లోపలికి రావాలి. విప్పిన పాదం కళ్ళముందు ఉంటే ఏ డాక్టరూ చూడకుండా పంపడు. ఈ రెండూ ఖర్చులేని మార్పులు, నివేదికలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేస్తారో పేరుకి బదులు హోదాతో రాయండి.

మూత్రం మీద ఇంకో వివరం. ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకి 30 మిల్లీగ్రాములు దాటిందని ఒక్కసారికే కిడ్నీ జబ్బు అని రాసేయకూడదు. మూడు నుంచి ఆరు నెలల్లో చూసిన మూడింట్లో రెండు దాటాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు విపరీతమైన వ్యాయామం దాన్ని పెంచుతాయి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. కాబట్టి ఆడిట్‌లో "పరీక్ష చేశాం" అన్న గడితో పాటు "ఎక్కువొస్తే మళ్ళీ చేశాం" అన్న గడి కూడా పెట్టుకుంటే నివేదికకి బలం వస్తుంది. నేను అలా పెట్టాను, పరిశీలకులు దాన్ని మెచ్చుకుంటూ రాసిన మాట నా ఫైల్లో ఉంది.

రెండో కొలతకి తొందరపడకండి. హెచ్‌బీఏ1సీ గడిచిన 8 నుంచి 12 వారాల చక్కెర లెక్క, కాబట్టి మార్పు మొదలుపెట్టిన మూడు నెలలలోపు కొలిస్తే పాత అంకెలనే కొలిచినట్టు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ప్రభావం చూడాలంటే 4 నుంచి 12 వారాలు. మొదటిసారి ఎక్కువొచ్చినవాళ్ళనే పట్టుకుని మళ్ళీ కొలిచి "తగ్గింది" అని చూపించొద్దు. ఒకరోజు విపరీతంగా ఎక్కువొచ్చిన బీపీ, ఏమీ చేయకపోయినా ఇంకోరోజు కాస్త దిగుతుంది. అదే మూల జాబితా నుంచి, అదే నియమంతో, కొత్తగా చీటీ తీసి నమూనా ఎంచుకోండి. హారం నిర్వచనంలో అక్షరం కూడా మార్చొద్దు.

పంపేటప్పుడు మొదటి పేజీలో ఈ వరస ఉంచండి: ప్రశ్న, హారం నిర్వచనం, మినహాయింపులు తేదీతో, నమూనా తీసిన పద్ధతి, దొరకని ఫైళ్ళ సంఖ్య, లవం నిర్వచనం, రెండు శాతాలూ. పోర్టల్‌లో ఎక్కించాక వచ్చే రసీదు నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, "మీ ఫైలు అందలేదు" అన్న జవాబు వస్తే అదొక్కటే మిమ్మల్ని కాపాడుతుంది. ఫోన్ చేసి లాభం లేదు, ప్రశ్న రాతపూర్వకంగా పంపి రాతపూర్వకంగానే జవాబు అడగండి. కోర్సు చేసినందుకు డాక్టర్లకి వచ్చే క్రెడిట్ పాయింట్లు సర్టిఫికెట్‌తో పాటు వాటంతటవే మీ ఖాతాలో పడవు, రిజిస్ట్రేషన్ నంబరు వేసి విడిగా క్లెయిమ్ చేయాలి.